ఈఐఏ-815 నెలవారీ రిపోర్టు: ఇథనాల్ కలిపాక స్టాక్ లెక్క కుదరడం లేదు, ఎక్కడ వెతకాలి?

గల్ఫ్_లెక్కలు:
అందరికీ నమస్కారం. టెక్సాస్‌లో ఒక ప్రొడక్ట్ టెర్మినల్ (పెట్రోలు లాంటి ఇంధనాల నిల్వ కేంద్రం) తరఫున అమెరికా ఇంధన సమాచార సంస్థ ఈఐఏకి పంపే రిపోర్టులు ఇప్పుడు నా బాధ్యత. నెలవారీ 815, వారవారీ 805 రెండూ వేయాలి. పైప్‌లైన్‌లో సీబాబ్ (ఇథనాల్ కలపడానికి తయారుచేసిన గ్యాసోలిన్) వస్తుంది, రైలు ట్యాంకర్లలో ఇథనాల్ వస్తుంది. రెండూ వేర్వేరు ట్యాంకుల్లో ఉండి, ర్యాక్ (లారీలు నింపే చోటు) దగ్గర లారీలోకి ఎక్కేటప్పుడే కలిసి ఈ10గా, అంటే పది శాతం ఇథనాల్ ఉన్న గ్యాసోలిన్‌గా, వెళ్లిపోతాయి. ట్యాంకుల్లో ఉన్నదంతా ముగ్గురు కస్టమర్ల సరుకే, మా కంపెనీది ఏమీ లేదు.

జులై లెక్క ఇది, అన్నీ వేల బ్యారెళ్లలో. సీబాబ్ నెల మొదట్లో 182, పైప్‌లైన్ టికెట్ల ప్రకారం వచ్చింది 640, ర్యాక్ టికెట్ల ప్రకారం వెళ్లింది 612, కలపకుండా బార్జి మీద పంపింది 21. అంటే 189 మిగలాలి. నెలాఖరు గేజింగ్‌లో (ట్యాంకు కొలతలో) 198 ఉంది. ఇథనాల్ 14తో మొదలై 71 వచ్చి 68 వెళ్లింది. 17 ఉండాల్సిన చోట 18 ఉంది.

నా సందేహాలు: ఈ 9 ఎక్కడి నుంచి వచ్చింది, నష్టాల గడిలో మైనస్ 9 వేసేయవచ్చా? కస్టమర్ల సరుకు మేం చూపాలా, వాళ్లే చూపాలా? ఇథనాల్‌ని షిప్‌మెంట్ అనాలా, ఇన్‌పుట్ అనాలా? నాలుగు వారాల 805లు కూడితే 815 ఎందుకు రాదు?

ట్యాంక్‌గేజ్:
ముందు ఆ 9 సంగతి. మైనస్ వేయకండి. అది వేడి వల్ల వచ్చిన తేడా.

పైప్‌లైన్ టికెట్ మీద మీకు వచ్చింది 60 డిగ్రీల ఫారన్‌హీట్‌కి సరిచేసిన నెట్ పరిమాణం. ర్యాక్ టికెట్ మీద గ్రాస్ (సరిచేయకుండా ఆ వేడిలో కొలిచింది), నెట్ అని రెండు అంకెలు ఉంటాయి. మీరు తీసుకున్న 612 గ్రాస్ అని అంకెలే చెబుతున్నాయి. గ్యాసోలిన్ ఒక్కో ఫారన్‌హీట్ డిగ్రీకి సుమారు 0.069 శాతం వ్యాకోచిస్తుంది. జులైలో అక్కడ ట్యాంకులో సరుకు 82 డిగ్రీల దగ్గర ఉందనుకుంటే 22 డిగ్రీల తేడాకి దాదాపు 1.5 శాతం. 612లో అది 9. నెట్ 603 అవుతుంది. ఇథనాల్ కాస్త తక్కువ వ్యాకోచిస్తుంది, డిగ్రీకి సుమారు 0.063 శాతం చొప్పున. 68 కాస్తా 67 అవుతుంది. మీ రెండు తేడాలూ అక్కడికక్కడే తీరిపోయాయి. ఈఐఏకి వెళ్లే ప్రతి అంకె 60 డిగ్రీలకి సరిచేసిన 42 గ్యాలన్ల బ్యారెళ్లలోనే ఉండాలి. మీ ర్యాక్ సాఫ్ట్‌వేర్‌లో రిపోర్టు తీసేటప్పుడు నెట్ కాలమ్ ఎంచుకున్నారో లేదో చూడండి, చాలా చోట్ల డిఫాల్ట్‌గా గ్రాస్ వస్తుంది. చలికాలంలో ఇదే తప్పు తారుమారవుతుంది. సరుకు 60 కన్నా చల్లగా ఉంటే గ్రాస్ అంకె నెట్ కన్నా తక్కువ, అప్పుడు ట్యాంకులో సరుకు తగ్గినట్టు కనబడుతుంది. జనవరిలో లీకేజీ అని వెతికేవాళ్లు ముందు టికెట్లు చూడాలి.

ఇథనాల్ గ్యాసోలిన్‌తో కలిస్తే మిశ్రమం పరిమాణం వెయ్యికి ఒకటి రెండు పాళ్లు పెరుగుతుందన్న మాట నిజమే. మీ మీటర్లు రెండూ కలవకముందే విడివిడిగా కొలుస్తాయి కాబట్టి ట్యాంకు తేడాకి దానితో సంబంధం లేదు.

ఇక గడులు. ర్యాక్ దగ్గర కలిపే టెర్మినల్ ఈఐఏ దృష్టిలో బ్లెండింగ్ కేంద్రం కూడా. అందుకని ఈ10లో కలిసిన సీబాబ్ గానీ ఇథనాల్ గానీ షిప్‌మెంట్ అవ్వదు, ఇన్‌పుట్ అవుతుంది. పుట్టిన ఈ10 ప్రొడక్షన్ అవుతుంది, అదే లారీల్లో షిప్‌మెంట్‌గా బయటికి వెళుతుంది. మీ జులై ఇలా ఉండాలి:

కోడ్ 139, సీబాబ్: మొదట 182, రిసీట్లు 640, ఇన్‌పుట్ 603, షిప్‌మెంట్ 21, చివర 198.
కోడ్ 141, ఇథనాల్: మొదట 14, రిసీట్లు 71, ఇన్‌పుట్ 67, చివర 18.
కోడ్ 166, ఇథనాల్ కలిసిన కన్వెన్షనల్ గ్యాసోలిన్: ప్రొడక్షన్ 670, షిప్‌మెంట్ 670, స్టాక్ 0.

ప్రతి వరసలో మొదటి స్టాక్, రిసీట్లు, ప్రొడక్షన్ కలిపితే ఇన్‌పుట్, షిప్‌మెంట్, నష్టాలు, చివరి స్టాక్ మొత్తానికి సమానం కావాలి. దాంతో ఆగకుండా ఇంకోటి చూడండి: 67ని 670తో భాగిస్తే 10 శాతం. 11 వస్తే మీటరు గానీ, ఇథనాల్‌ని వేరే టెర్మినల్‌కి అమ్మిన టికెట్ గానీ ఇన్‌పుట్‌లో కలిసిపోయిందని అర్థం. చాలామంది వేసే తప్పు 139ని నేరుగా షిప్‌మెంట్‌లో పెట్టేయడం. అప్పుడు వరస చక్కగా కుదురుతుంది, కానీ దేశం లెక్కలో మీ ఈ10 పుట్టనే లేదు.

చివరి స్టాక్ ఎప్పుడూ గేజ్ అంకె నుంచే రావాలి, పుస్తకంలోది కాదు. ట్యాంకు అడుగున పంపుకి అందని సరుకు కూడా స్టాకే. నీరు, మడ్డి తీసేయాలి.

సోమవారం_ఐదు:
ట్యాంక్‌గేజ్ గారు అంకెలు తేల్చేశారు. కస్టమర్ల సరుకు గురించి నేను చెబుతాను, ఎందుకంటే ఈ వ్యవస్థంతా నిలబడింది దాని మీదే.

సరుకు ఎవరిదన్నది 815 అడగదు, ఎవరి కస్టడీలో ఉందనేదే అడుగుతుంది. ట్యాంకు నడిపేది మీరు, కాబట్టి ముగ్గురి సరుకూ మీ ఫారంలోనే మొత్తంగా చూపాలి. వాళ్లు మళ్లీ చూపితే ఒకే బ్యారెల్ రెండుసార్లు లెక్కకెక్కుతుంది. 'మా సరుకు మేమే చెబుతాం, మీరు తీసేయండి' అని కస్టమర్ అన్నా తీసేయకూడదు. ఇదే సూత్రం మిగతా ఫారాలకూ వర్తిస్తుంది: రిఫైనరీ దగ్గరున్నది వారానికి 800, నెలకి 810లో, ప్రొడక్ట్ పైప్‌లైన్‌లో కదులుతున్నది 802, 812లో పైప్‌లైన్ వాళ్లు, ముడిచమురు నిల్వలు 803, 813లో. మీ దగ్గరికి బయల్దేరి ఇంకా పైప్‌లైన్‌లోనే ఉన్న సీబాబ్ మీది కాదు, పైప్‌లైన్ కంపెనీది. మినహాయింపు ఒక్కటి: దిగుమతుల 804, 814 ఫారాలు దిగుమతిదారు వేస్తాడు, సరుకు ఏ ట్యాంకులో దిగినా సరే. విదేశీ సరుకు కస్టమ్స్ దాటి దేశీయ వాడకానికి ప్రవేశించాకే మీ స్టాక్‌లో చేరుతుంది.

మీ కస్టమర్లు గోప్యత గురించి అడుగుతారు. 815లో కంపెనీ అంకెలు బయట పెట్టరు, మొత్తాలే ప్రచురిస్తారు. 814 దిగుమతులు మాత్రం కంపెనీ పేరుతోనే ప్రచురితం అవుతాయి. ఇది ముందే చెప్పేయడం మంచిది.

వారం, నెల కలవకపోవడానికి మొదటి కారణం క్యాలెండర్. 805 వారం శుక్రవారం ఉదయం 7 గంటలకి ముగుస్తుంది, 815 నెల చివరి రోజుకి. నెలలో నాలుగు శుక్రవారాలో ఐదో పడతాయి, రెండు చివర్లలో వారం ముక్కలు మిగులుతాయి. రెండోది, 805లో ప్రొడక్టులు తక్కువ, కొన్ని కలిపి అడుగుతారు. మూడోది, వారపు రిపోర్టు సోమవారం సాయంత్రం 5 గంటలకి, ఈస్టర్న్ టైమ్ ప్రకారం, వెళ్లిపోవాలి. అప్పటికి టికెట్లన్నీ రావు కాబట్టి ఉన్న సమాచారంతో మంచి అంచనా వేయడానికి వీలుంది. 815కి మాత్రం తర్వాతి నెల 20 వరకు గడువు ఉంది, దాంట్లో అంచనాలకి సాకు లేదు.

వారపు అంకెలో తప్పు ఎందుకు పెద్దదవుతుందో తెలుసుకోవాలి. వారానికి అందరినీ అడగరు. ఒక్కో ప్రొడక్టుకి పెద్ద కంపెనీల నుంచి మొదలుపెట్టి మొత్తంలో సుమారు 90 శాతం వచ్చేదాకా ఎంచుకుంటారు. మిగతా చిన్నవాళ్ల భాగం కోసం, నెల డేటాలో మొత్తానికీ ఈ ఎంపికైనవాళ్లకీ ఉన్న నిష్పత్తితో మీ వారపు అంకెని గుణిస్తారు. 90 శాతం కవరేజీ అయితే గుణకం 1.11. మీరు 9 తప్పు వేస్తే దేశం మొత్తంలో అది 10 అయి కూర్చుంటుంది. బుధవారం ఉదయం 10:30కి, ఈస్టర్న్ టైమ్‌లో, అది బయటికొచ్చాక మార్కెట్ నిమిషాల్లో స్పందిస్తుంది. మీరు పంపకపోతే మీ పాత వారాల అంకెల నుంచి ఎక్స్‌పోనెన్షియల్ స్మూతింగ్‌తో (దగ్గరి వారాలకి ఎక్కువ బరువిచ్చే సగటుతో) ఒక అంచనా మీ బదులు వేస్తారు. మీ ట్యాంకు మరమ్మతుకి ఆగిన వారమే పంపకపోతే ఆ అంచనా ఘోరంగా తప్పుతుంది. ట్యాంకు ఆగిన వారమైనా పంపి, వ్యాఖ్యల గడిలో కారణం ఒక్క వాక్యం రాయండి. అది లేకపోతే వాళ్ల ఎడిట్ చెక్‌లో మీ అంకె ఎర్రగా వెలిగి సోమవారం రాత్రే ఫోన్ వస్తుంది.

ఇది ఐచ్ఛికం కాదు. 1974 నాటి ఫెడరల్ ఎనర్జీ అడ్మినిస్ట్రేషన్ చట్టం కింద తప్పనిసరి. ఎగ్గొడితే రోజువారీ జరిమానా, దాని మొత్తాన్ని ద్రవ్యోల్బణాన్ని బట్టి పెంచుతూ ఉంటారు.

మొక్కజొన్న_మిల్లు:
ఇథనాల్ ఏ రూపంలో అన్న సందేహం ఎవరూ ముట్టుకోలేదు. మీరు లెక్కపెట్టే 141లో డీనేచురెంట్ కలిసే ఉంటుంది. తాగకుండా ప్లాంటులోనే సుమారు 2 శాతం దాకా గ్యాసోలిన్ జాతి సరుకు కలిపి పంపుతారు. దాన్ని విడదీసి 98 శాతం చేయకండి, రైలు ట్యాంకర్ నుంచి దిగినదంతా 141.

ప్లాంట్ల వైపు ఫారం వేరు, 819. ఇథనాల్, బయోడీజిల్, రెన్యూవబుల్ డీజిల్ తయారుచేసేవాళ్లంతా అందులోనే వేస్తారు. బయోడీజిల్‌కి ముందు 22ఎం అనే విడి సర్వే ఉండేది, 2021లో దీంట్లో కలిపేశారు. అక్కడ తరచూ జరిగే రెండు తప్పులు చెబుతాను. ఒకటి, మద్యం పన్ను శాఖకి పంపే రిపోర్టు నుంచి అంకె ఎత్తుకోవడం. అది ప్రూఫ్ గ్యాలన్లలో ఉంటుంది. 200 ప్రూఫ్ ఇథనాల్ ఒక్క గ్యాలన్ అక్కడ రెండు ప్రూఫ్ గ్యాలన్లు. ప్రొడక్షన్ రెట్టింపయి కూర్చుంటుంది. రెండోది, పర్యావరణ సంస్థ ఈపీఏ రిన్ లెక్క నుంచి తీసుకోవడం. రిన్ అంటే పునరుత్పాదక ఇంధనానికి ఇచ్చే క్రెడిట్, గ్యాలన్ కాదు. రెన్యూవబుల్ డీజిల్ గ్యాలన్‌కి 1.7 రిన్‌లు, బయోడీజిల్‌కి 1.5, ఇథనాల్‌కి 1. ఉదాహరణకి 21,42,000 రెన్యూవబుల్ డీజిల్ రిన్‌లని 1.7తో భాగిస్తే 12,60,000 గ్యాలన్లు, 42తో భాగిస్తే 30 వేల బ్యారెళ్లు. ఇది సరిచూసుకోవడానికి మాత్రమే పనికొస్తుంది, ఫారంలో వేసే అంకె ప్లాంటు మీటర్ నుంచే రావాలి.

విశాఖ_రిఫైనరీ_రోడ్డు:
ఇండియాలో ఈ పని పీపీఏసీ (పెట్రోలియం శాఖ కింది ప్రణాళిక, విశ్లేషణ విభాగం) చేస్తుంది, 2002 ఏప్రిల్ నుంచి. చమురు కంపెనీల దగ్గర నెలవారీ డేటా తీసుకుని వేల టన్నుల్లో ప్రచురిస్తుంది. ఇథనాల్ మాత్రం కోట్ల లీటర్లలో, నవంబర్ నుంచి అక్టోబర్ దాకా సాగే సరఫరా సంవత్సరంతో చెబుతారు. అమెరికా అంకెలతో పోల్చాలంటే పెట్రోలు టన్నుకి సుమారు 8.5 బ్యారెళ్లు, డీజిల్‌కి 7.45 వేసుకోండి. ఒకటే గుణకం రెండింటికీ వాడితే పది శాతం పైగా తప్పుతారు. ముడిచమురు లెక్కలో అమెరికాలో 'అడ్జస్ట్‌మెంట్' అనే వరస ఉంటుంది, అది ఏమిటండీ?

సోమవారం_ఐదు:
సరఫరా మొత్తం, వాడకం మొత్తం కలవనప్పుడు మిగిలే తేడా అది, విశాఖ గారూ. 2022, 2023ల్లో అది బాగా పెరిగింది. ఈఐఏ వెతికితే తేలిన కారణాల్లో ఒకటి, కండెన్సేట్ (గ్యాస్‌తో పాటు వచ్చే తేలిక ద్రవం), సహజ గ్యాసోలిన్ లాంటివి ముడిచమురులో కలిసిపోతూ, పుట్టినచోట ఒక పేరుతో, చేరినచోట క్రూడ్‌గా నమోదు కావడం. తర్వాత దాన్ని విడిగా 'ముడిచమురు సరఫరాకి బదిలీలు' అన్న వరసలో చూపడం మొదలుపెట్టారు. మన ప్రశ్నలోని 139 సమస్య లాంటిదే ఇదీ. సరుకు పేరు మారిన చోట ఇన్‌పుట్, ప్రొడక్షన్ రెండూ రాయకపోతే తేడా ఎక్కడో తేలుతుంది.

గల్ఫ్_లెక్కలు:
ర్యాక్ సాఫ్ట్‌వేర్‌లో గ్రాసే ఎంచుకుని ఉంది. నెట్‌కి మార్చితే 602.7, 67.1 వచ్చాయి. మీ అందరికీ ధన్యవాదాలు. జూన్ 815 కూడా ఇలాగే వెళ్లి ఉండాలి. మళ్లీ పంపాలా?

ట్యాంక్‌గేజ్:
అసలు విలువలో 5 శాతం దాటిన తప్పు ఎక్కడ కనబడినా, లేదా ఈఐఏ అడిగినా, మళ్లీ పంపడం తప్పనిసరి. మీ ఇన్‌పుట్ గడిలో గ్రాస్ తప్పు 1.5 శాతమే కాబట్టి అది ఆ గీత దాటదు. కానీ జూన్‌లో సీబాబ్‌ని షిప్‌మెంట్‌లో పెట్టి ఉంటే ఇన్‌పుట్, ప్రొడక్షన్ రెండూ సున్నాగా వెళ్లాయి. అది నూటికి నూరు శాతం తప్పు. జూన్ ఫారం తెరిచి ముందు 166 వరస చూడండి. ఖాళీగా ఉంటే రీసబ్మిషన్ గడిలో గుర్తు పెట్టి, సరిచేసిన నెట్ అంకెలతో ఇవాళే పంపేయండి. వ్యాఖ్యల్లో 'ర్యాక్ బ్లెండింగ్ ఇన్‌పుట్‌లు వదిలేశాం, 60 డిగ్రీలకి సరిచేశాం' అని రాయండి. జూన్ చివరి స్టాక్ 182 గేజ్ నుంచే వచ్చి ఉంటే జులై మొదటి స్టాక్ ముట్టుకోనవసరం లేదు.