290 వాట్ల డెల్ టవర్‌లో 1660 సూపర్ గ్రాఫిక్స్ కార్డు: కన్వర్టర్ చాలా, ఎస్‌ఎంపీఎస్ మార్చాలా?

కొత్తకార్డు: డెల్ ఆప్టిప్లెక్స్ 9020 మినీ టవర్, ఐ5-4590 ప్రాసెసర్, 290 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై). జీటీఎక్స్ 1660 సూపర్‌కి 8 పిన్ పవర్ కావాలి, ఇందులో ఆ వైరే లేదు. హార్డ్‌డిస్క్‌కి కరెంటిచ్చే రెండు సాటా ప్లగ్గుల్ని 8 పిన్‌గా మార్చే కన్వర్టర్ వేయొచ్చా?

వాట్ల‌లెక్క: వేసేయండి. ప్రాసెసర్ 84, కార్డు 125, మిగతావన్నీ ఓ 40. మొత్తం 250 దాటదు.

టంకం: మొత్తం సరే అన్నా, ఆ కరెంటు ఏ దారిన వస్తుందో చూడాలి కదా. సాటా ప్లగ్గులో 12 వోల్టులకి మూడు పిన్నులు, ఒక్కోదానికి 1.5 ఆంపియర్లు. అంటే 54 వాట్లు. రెండు ప్లగ్గులు కాబట్టి 108 అనుకుంటే పొరపాటే: 9020లో సాటా పవర్ ఎస్‌ఎంపీఎస్ నుంచి నేరుగా రాదు, మదర్‌బోర్డు మీది సాకెట్ నుంచి వస్తుంది. కార్డు గుచ్చే స్లాట్ కరెంటు కూడా బోర్డు మీదుగానే. పైగా కన్వర్టర్ సెన్స్ పిన్నుల్ని (ఎంత పవర్ ఉందో కార్డుకి చెప్పేవి) గ్రౌండ్ చేసి, 150 వాట్లు ఉన్నాయని కార్డుని నమ్మిస్తుంది.

వాట్ల‌లెక్క: స్లాటే 75 ఇస్తుంది. కన్వర్టర్ మీద పడేది 50, 60.

టంకం: ఆ 75లో 12 వోల్టుల వాటా 66. అదంతా స్లాట్ నుంచే లాగాలని కార్డుకి రూలేమీ లేదు, ఎటు నుంచి ఎంతన్నది దాన్ని డిజైన్ చేసినవాడి ఇష్టం. ప్లగ్గు వేడెక్కి కరుగుతున్నా ఎస్‌ఎంపీఎస్ ట్రిప్ అవదు. దాని లెక్కలో ఓవర్‌లోడే లేదు మరి.

స్క్రూడ్రైవర్: 8 పిన్ వైరు సొంతంగా ఉన్న మంచి 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ కొనండి. 9020 బోర్డుకి మామూలు 24 పిన్ పట్టదు, డెల్ 8 పిన్‌కి మార్చే కేబుల్ విడిగా తీసుకోవాలి. అది కార్డుకిచ్చే 8 పిన్ కాదు, కలపొద్దు. పాత 7010 మినీ టవర్ అయితే 24 పిన్ నేరుగా పడుతుంది. కార్డు పొడవు పడుతుందో లేదో, కొనేముందే హార్డ్‌డిస్క్ బోను దాకా ఎంత జాగా ఉందో కొలవండి.

పొదుపు: ఇంత తంటా దేనికి? ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ 70 వాట్లే, స్లాట్ చాలు. వేగం 1660 సూపర్ కన్నా తక్కువే, ఒప్పుకుంటా. 8 జీబీది మాత్రం కొనొద్దు, 130 వాట్లు. 1650లోనూ కొన్నిటికి 6 పిన్ ఉంటుంది, ఫొటో చూసి కొనండి. ఆర్‌ఎక్స్ 6400కి 53 వాట్లే గానీ నాలుగే లేన్లు (డేటా దారులు), ఈ పాత బోర్డులో వేగం దెబ్బతింటుంది.

స్క్రూడ్రైవర్: ఎస్‌ఎంపీఎస్ రేపు వేరే పీసీకీ పనికొస్తుంది. ఆ తంటా ఒక్కసారే.

కొత్తకార్డు: కార్డు ఇంకా కొనలేదు. 600 వీఏ యూపీఎస్ మీద నడుస్తుందా?

టంకం: అలాంటివి చాలావరకు 360 వాట్లవి. మానిటర్‌తో కలిపినా సరిపోతుంది, కానీ కరెంటు పోతే గేమ్ సేవ్ చేసి ఆపేయడానికే. 3050 అయితే ఇంకాస్త టైము దొరుకుతుంది.