స్వర్ణముఖిలో పడవల పార్కు: నీళ్ల హక్కు ఎవరిస్తారు?

చంద్రగిరి కుర్రోడు: కల్యాణి డ్యామ్ దిగువన ఏట్లో రాళ్లు పేర్చి కయాకులు (ఒకరిద్దరు తెడ్డేసే సన్న పడవలు), రాఫ్టులు (గాలి నింపిన పడవలు) నడిచే పార్కు పెట్టాలని ఉంది. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని గోల్డెన్ ఊరు క్లియర్ క్రీక్ అనే ఏటి మీద ఇలాంటి పార్కుకే నీటి హక్కు తెచ్చుకుంది. మనకు అలాంటి దారి ఉందా? అర్జీ ఎవరికి పెట్టాలి? పడవలు, లైఫ్ జాకెట్ల ఖర్చు కూడా చెప్పండన్నా.

ఏటిగట్టు రైతు: ఏట్లో నీళ్లుంటే కదా పడవలు! ఆ ఇసుకలో ఇంకే నీళ్లతోనే మా బోర్లు బతుకుతున్నాయి. ఆటలకు అడగడానికి మనసెలా వచ్చింది?

డెన్వర్ రెడ్డి: ఇక్కడ కొలరాడోలో నీటి ఇంజినీరుగా నా పనే ఇది, కాబట్టి వినండి. కొలరాడోలో ముందు వాడుకున్నవాడిదే ముందు హక్కు. పార్కుది కొత్త హక్కు, పాత రైతుల వాటా తీరాకే దాని వంతు. గోల్డెన్‌కు కింది కోర్టు గరిష్ఠంగా 1000 క్యూసెక్కులు ఇచ్చింది. 2003లో కొలరాడో సుప్రీంకోర్టు జడ్జీలు 3-3గా చీలిపోవడంతో ఆ తీర్పే నిలిచింది. 2001 చట్టం వచ్చాక ఊళ్లు, కౌంటీలు, నీటి సంస్థలే అడగగలవు. ప్రైవేటు మనిషికి లేదు.

ఏటిగట్టు రైతు: 1000 క్యూసెక్కులా? 12 రోజులు వదిలితే టీఎంసీ దాటుతుంది. కల్యాణి నిండినా టీఎంసీ పట్టదు. తిరుపతి, తిరుమల ఏం తాగాలి?

డెన్వర్ రెడ్డి: పార్కు నీళ్లను తాగదండీ. అవి రాళ్ల మీదుగా కిందికే పోతాయి.

ఏటిగట్టు రైతు: పోయిన నీళ్లు మళ్లీ డ్యామ్ ఎక్కుతాయా? ఈరోజు వదిలితే ఎండాకాలంలో ఎవరిస్తారు? డెన్వర్‌లో కూర్చుని మాకు పాఠాలు చెప్పొద్దు.

తిరుచానూరు అమ్మాయి: నీళ్లు లేవని కొట్టుకుంటున్నారు, 2021 నవంబరు మరిచిపోయారా? ఒడ్డున ఉన్న ఇల్లు మా కళ్ల ముందే ఏట్లో కూలిపోయింది. అడ్డంగా బండలు పేరిస్తే వరద ఎవరి గోడ మీదికి తిరుగుతుంది? ముందు ఆ లెక్క తేల్చండి.

కోర్టు గుమాస్తా: ఒడ్డున పట్టా భూమి ఉంటే చాలనుకుంటున్నారేమో. 1882 ఈజ్‌మెంట్స్ (వాడుక హక్కుల) చట్టం ఏడో సెక్షన్ ఒడ్డు భూమికి ఏటి నీళ్లు వాడుకునే హక్కు ఇస్తుంది. కానీ నదుల నీళ్లను నియంత్రించే సర్కారు అధికారాన్ని రెండో సెక్షన్ అలాగే ఉంచింది. జలవనరుల శాఖకే అర్జీ పెట్టాలి. వచ్చేది అనుమతి మాత్రమే, గోల్డెన్ లాంటి హక్కు కాదు.

పీలేరు బోరు: అనుమతి మాట ఎత్తకండి. వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) కింద బోరుకు అర్జీ పెట్టి ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులు అరిగాయి. రిగ్ లారీవాళ్లకు అడ్వాన్సు కూడా పోయింది.

సత్యవేడు శీను: తెలుగుగంగ కాలువలో పెట్టండి, నీళ్లు నిండుగా పారతాయి.

కోర్టు గుమాస్తా: అవి చెన్నై తాగే నీళ్లు శీనూ. వాటిలో మహారాష్ట్ర, కర్ణాటక ఇచ్చే వాటాలు కూడా ఉన్నాయి. అందులో రాయి వేసినా కేసే.

డెన్వర్ రెడ్డి: ఏరే అక్కర్లేదు. అమెరికాలోనే షార్లెట్ ఊళ్లో కాంక్రీటు కాలువ కట్టి, అవే నీళ్లను పంపులతో తిప్పుతారు.

పీలేరు బోరు: ఆ పంపులకు కరెంటు బిల్లు మీరు కడతారా?

చంద్రగిరి కుర్రోడు: రైతన్నా, డ్యామ్ గేట్లు ఎత్తి వరద వదిలే రోజుల్లోనే నడుపుతాను, మామూలు రోజుల్లో చుక్క కూడా అడగనని రాసిస్తే ఒప్పుకుంటారా?

తిరుచానూరు అమ్మాయి: గేట్లు ఎత్తిన రోజు ఏట్లో జనాన్ని దింపుతారా!

ఏటిగట్టు రైతు: ఆ పాప అడిగిన దానికి ముందు జవాబు చెప్పు తమ్ముడూ. తర్వాత గ్రామసభకు రా, మాట్లాడదాం.