శారద ఒడ్డున అత్తారి ఊరు, దగ్గర్లో కొండకర్ల ఆవ: పిల్లలతో రెండు రోజులు ఎలా గడపాలి?

గాజువాక నాన్న

అందరికీ నమస్కారం. మా అత్తారి ఊరు మునగపాక దగ్గర, శారదా నదిని ఆనుకునే ఉంటుంది. పెళ్లయి పదకొండేళ్లయింది. ఇన్నేళ్లలో ఆ ఊరు వెళ్లడమంటే భోంచేసి, ఓ కునుకు తీసి, సాయంత్రానికి మళ్లీ బండెక్కడమే. ఈసారి కార్తీకమాసంలో ఒక శని, ఆదివారాలు అక్కడే ఉందామనుకుంటున్నాం. పాపకి తొమ్మిదేళ్లు, బాబుకి ఆరు. మా అమ్మ కూడా వస్తానంటోంది, కానీ ఆవిడకి మోకాళ్ల నొప్పులు.

నా ప్లాన్ ఇది: శనివారం ఉదయం తాటిపూడి రిజర్వాయరు, మధ్యాహ్నం రైవాడ, సాయంత్రం కొండకర్ల ఆవ సరస్సులో బోటింగ్. ఆదివారం ఏట్లో ఈత, మా మామయ్యగారితో గాలం వేయడం. ఇవన్నీ కుదురుతాయా? మా పిల్లలకి చెరువంటే ముడసర్లోవ పార్కు నుంచి దూరంగా చూసిన నీళ్లే. వాళ్లు నీళ్ల దగ్గర కాసేపైనా కుదురుగా కూర్చోవాలని నా కోరిక.

హరిపాలెం మాస్టారు

తమ్ముడూ, మీ ఆఖరి మాట చదివాకే రాయాలనిపించింది. కుదురుగా కూర్చోవాలంటే ముందు ఆ మూడు చోట్లలో రెండు తీసెయ్యండి. తాటిపూడి గోస్తని నది మీద, ఎస్.కోట (శృంగవరపుకోట) వైపు. రైవాడ దేవరాపల్లి దగ్గర. ఆవ అచ్యుతాపురం వైపు. మూడూ మూడు దిక్కులు, రోజంతా కారులోనే సరిపోతుంది. రైవాడ మంచి చోటే, పైగా మీ అత్తారి ఊరి పక్కన పారే శారద మీద కట్టిందే. విశాఖ కుళాయిల్లోకి ఆ నీళ్లు కూడా వస్తాయి. పిల్లలకి ఆ సంగతి చెప్పండి, వెళ్లడం మాత్రం ఇంకోసారి పెట్టుకోండి.

ఆవకి వెళ్లండి. అదీ సాయంత్రం కాదు, తెల్లారగట్ల. మీ అత్తారింట్లో పడుకుంటారు కాబట్టి ఆరింటికల్లా నీళ్ల దగ్గర ఉండొచ్చు. విశాఖ నుంచి వచ్చేవాళ్లకి ఇది కుదరదు, 40, 45 కిలోమీటర్లు వచ్చేసరికి ఎండెక్కిపోతుంది.

అక్కడి పడవల్ని దోనెలంటారు. తాటిమాను దొలిచి చేస్తారు. ఒక్క మాను అయితే ఒరిగిపోతుందని రెంటిని పక్కపక్కన పెట్టి కట్టేస్తారు. కింద చతికిలబడి కూర్చోవాలి, చెయ్యి చాపితే నీళ్లు తగులుతాయి. మోటారు లేదు, గెడతో అడుగున పొడుచుకుంటూ తీసుకెళ్తారు. మావైపు ఆవ అంటే లోతు తక్కువ, పరుపు ఎక్కువ ఉన్న నీటి పల్లం, అందుకే గెడ అందుతుంది.

పదేళ్ల కిందట మా ఎనిమిదో తరగతి పిల్లల్ని నలుగురేసి చొప్పున దోనె ఎక్కించాను. తామరలు దట్టంగా ఉన్నచోట దోనె అతను గెడ ఆపి, వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. రెండు బారల దూరంలో ఒక పిట్ట ఆకుల మీద నడుస్తోంది. కాలివేళ్లు దాని ఒంటికి పొంతన లేనంత పొడుగు, సాలీడు కాళ్లలా పరుచుకున్నాయి. ఆకు అంచు మునిగి నీళ్లు పైకి రాబోతుంటే అది రెండో ఆకు మీద అడుగేసేస్తుంది. ముందు ఆకు మళ్లీ పైకి లేస్తుంది. నలభై నిమిషాలు మా పిల్లలు నోరు మెదపలేదు. ఆ జాతిలో గుడ్లు పొదిగేది మగపిట్టే అని చెబితే ఒక అమ్మాయి ఇంటికెళ్లి వాళ్ల నాన్నకి చెప్పిందట. నీలం రంగు నీటికోళ్లు కూడా కనిపిస్తాయి, ఎర్రముక్కు, ఎర్రనుదురు. బైనాక్యులర్స్ ఉంటే తీసుకెళ్లండి.

ఒక్క విన్నపం. కార్తీకంలో వనభోజనాలకి చాలామంది వస్తారు. పోయిన ఏడాది ఒక పెద్ద బృందం గట్టు మీద సౌండ్ బాక్సులు పెట్టారు. ఆ పూట ఒక్క పిట్ట లేదు. వాళ్లు వెళ్లాక థర్మాకోల్ ప్లేట్లు తామర తీగల్లో చిక్కుకుని సంక్రాంతి దాకా అక్కడే ఉన్నాయి. మేము నలుగురం దోనె వేసుకుని కొన్ని ఏరాం, అన్నీ అందలేదు. మీరు విస్తరాకులే తీసుకెళ్లండి, వాటిని కూడా ఇంటికే పట్టుకొచ్చేయండి.

లైఫ్ జాకెట్ల సంగతి ముందురోజే మీ మామయ్యగారిచేత అడిగించండి. పెద్దవాళ్ల జాకెట్టు ఆరేళ్ల పిల్లాడికి వేస్తే మెడమీంచి జారిపోతుంది. వాడి కొలతకి సరిపోయేది దొరక్కపోతే కొనుక్కునే వెళ్లండి.

అనకాపల్లి అమ్మాయి

మాస్టారు చెప్పినవన్నీ నిజం. నేను మీ అమ్మగారి గురించి చెప్తాను. దోనె ఎక్కించకండి. మా అత్తయ్యగారు ముచ్చటపడి ఎక్కారు, కాళ్లు ముడుచుకుని కూర్చోవడం ఎలాగో కానిచ్చారు గానీ దిగేటప్పుడు లేవలేకపోయారు, ఇద్దరం పట్టి లేపాం. మడత కుర్చీ ఒకటి కారులో వేసుకుని గట్టు మీద చెట్టు నీడన వెయ్యండి. ఫ్లాస్కులో టీ, తేగలు వచ్చి ఉంటే ఓ కట్ట, ఆవిడ హాయిగా ఉంటారు.

శనివారం సాయంత్రానికి అనకాపల్లి పక్కన శంకరం ఊళ్లో బొజ్జన్నకొండ పెట్టుకోండి. కొండని తొలిచి చేసిన బౌద్ధ గుహలు, పక్కనే లింగాలకొండ మీద రాతిలోనే మలిచిన చిన్న చిన్న స్తూపాల వరసలు. 1906లో అలెగ్జాండర్ రీ ఆధ్వర్యంలో తవ్వితే బయటపడ్డాయి. మెట్లున్నాయి, పిల్లలు గెంతుతూ ఎక్కేస్తారు, అమ్మగారు కిందే ఉండాలి.

చెరుకు ఆడటం మొదలైతే మీ అత్తారి ఊళ్లోనే బెల్లం వండటం చూపించండి. రసం కాగుతూ మడ్డి పైకి తేలడం, దాన్ని తీసేస్తుంటే రంగు తేరడం పిల్లలు కళ్లార్పకుండా చూస్తారు. పెనానికి మాత్రం బాగా ఎడంగా నిలబెట్టండి.

గాజువాక నాన్న

మాస్టారూ, అమ్మా, ఇద్దరికీ చాలా థాంక్స్. తాటిపూడి, రైవాడ తీసేశాను. ఏట్లో ఈత సంగతి ఎవరూ చెప్పలేదు. మావాడు రోజూ అదే అడుగుతున్నాడు. నీళ్లు మోకాలి లోతే ఉంటాయట.

హరిపాలెం మాస్టారు

వద్దు తమ్ముడూ. ఆ మోకాలి లోతే నా భయం. మా పెదనాన్నగారి అబ్బాయి అలాంటి నీళ్లలోనే నడుస్తూ ఒక్క అడుగులో కనబడకుండా పోయాడు. ఇసుక తవ్వి వదిలేసిన గొయ్యి, పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. గేదెలు కాస్తున్న ఒకాయన కర్ర అందించి లాగాడు కాబట్టి ఈ రోజు ఉన్నాడు. వాడికి ఈత వచ్చు, అయినా కాళ్ల కింద ఇసుక జారిపోతుంటే ఈత ఏం చేస్తుంది? పైగా ఇది తుఫాన్ల కాలం. మీ ఊళ్లో చినుకు లేకపోయినా పైన వానలు పడి రైవాడ గేట్లు ఎత్తితే శారద పొంగుతుంది. బాబుని బోరు దగ్గర తొట్టిలో దింపండి, అది చాలు వాడికి.

గాలం మాత్రం తప్పకుండా వెయ్యండి, ఒడ్డున కూర్చునే. ఎర్రలు పిల్లలచేతే తవ్వించండి, వాళ్లకి అదే సగం ఆనందం. బెండు కదలగానే లాగేయకూడదని ముందే చెప్పండి. మొదట చేప ఎరని కొరికి చూస్తుంది, బెండు టకటకా ఊగుతుంది. ఆ తర్వాత ఓ పక్కకి జారుతూ మునుగుతుంది, అప్పుడు లాగాలి. జెల్ల పడితే పిల్లల్ని ముట్టుకోనివ్వొద్దు. రెక్కల దగ్గర ముల్లు గుచ్చుకుంటే రాత్రంతా సలుపే. మీ మామయ్యగారికి ఇవన్నీ తెలిసే ఉంటాయి. నేర్పమని మీరు అడగండి, ఆయన సంతోషిస్తారు.

గాజువాక నాన్న

నిన్న రాత్రే తిరిగొచ్చాం. ఆరుంపావుకి దోనె ఎక్కాం, నీళ్ల మీద మంచు ఇంకా విడలేదు. పాప నా చెయ్యి పట్టుకునే కూర్చుంది, కాసేపటికి వదిలేసి నీళ్లలో వేళ్లు పెట్టింది. ఆకుల మీద నడిచే పిట్ట మాకు రెండుసార్లు కనబడింది. అమ్మ గట్టు మీద కుర్చీలో కూర్చుని, వలలు సర్దుకుంటున్న ఒకావిడతో గంటన్నర కబుర్లు చెప్పింది.

గాలానికి బాబు వేలెడంత పరిగె పట్టాడు. తాతా మనవడూ కలిసి దాన్ని మళ్లీ ఏట్లోనే వదిలేశారు. మా మామయ్యగారు నాతో ఇన్నేళ్లలో మాట్లాడినదానికంటే ఆ ఒక్క పూట ఎక్కువ మాట్లాడారు.

పాప నోటుబుక్కులో ఒక పక్షి బొమ్మ వేసింది. నల్లగా ఉంది, నీళ్లలో పాతిన కర్ర మీద రెండు రెక్కలూ బారచాపి అలాగే నిలబడిపోయింది. దానికి దెబ్బ తగిలిందా అని అడుగుతోంది. ఏ పిట్ట మాస్టారూ అది?

హరిపాలెం మాస్టారు

నీరుకాకి. దెబ్బేం తగల్లేదని పాపకి చెప్పండి. అది మునిగి చేపల్ని పట్టుకుంటుంది. బాతుకి నీళ్లు జారిపోయినట్టు దాని రెక్కలకి జారవు, తడిసిపోతాయి. అలా మునగడానికి అదే సాయం. పైకొచ్చాక ఇలా ఆరబెట్టుకుంటుంది. ఆ బొమ్మ ఇక్కడ పెట్టండి, చూడాలని ఉంది. జనవరిలో వలస బాతులు బాగా ఉంటాయి, అప్పుడు పాపని మళ్లీ తీసుకురండి.