చెయ్యి బాగుపడిందా, నడుము సాయం చేసిందా?

కృష్ణాతీరం:
నాన్నకు పక్షవాతం వచ్చి ఐదు నెలలు. కుడి చెయ్యి. మొదట్లో బల్ల మీద జానెడు కూడా జరిగేది కాదు. ఇప్పుడు గ్లాసు అందుకుని నీళ్లు తాగుతున్నారు, ఇంట్లో అందరికీ పండగే. ఫిజియో మాత్రం పక్షవాతం వచ్చిన చెయ్యి కదలికకు మార్కులు వేసే ఫుగల్ మేయర్ పరీక్ష చేసి, "66కి పోయిన నెల 31, ఈసారి 32. చెయ్యి పెద్దగా మారలేదు, ఒళ్లు ముందుకు వంచి అందుకుంటున్నారు" అన్నారు. గ్లాసు అందుతున్నాక మారలేదంటే ఎలా? ఆ పరీక్షే తప్పేమో!

విశాఖ ఫిజియో:
పరీక్ష తప్పు కాదండీ, అది చూసేది వేరు. 1975లో స్వీడన్ వాళ్లు తయారుచేశారు. చేతికి 33 అంశాలు, ఒక్కోదానికి ఎక్కువలో ఎక్కువ 2 మార్కులు. పక్షవాతం తర్వాత భుజం ఎత్తబోతే మోచెయ్యి దానంతటదే ముడుచుకుంటుంది. కండరాలన్నీ జట్టు కట్టినట్టు ఒకేసారి లాగుతాయి. ఆ జట్టు విడిపోయి, భుజం ఎత్తి కూడా మోచెయ్యి చాపగలిగితే చెయ్యి అదుపులోకి వస్తున్నట్టు. గ్లాసు అందిందా లేదా అన్నది అందులో లేదు. ఒక్క మార్కు తేడాకు సంతోషమూ వద్దు, దిగులూ వద్దు. నాలుగైదు పెరిగితే అప్పుడు మాట్లాడుకోవాలి.

రిటైర్డ్ మాస్టారు:
నాకు వచ్చి ఏడేళ్లు. ఇప్పటికీ కంచం మీదికి వంగే అన్నం కలుపుకుంటాను. కుడిచేత్తో తింటున్నాను, అది చాలు. వంగితే నేరమా? పరీక్షలో చెయ్యి ఎంత ఎత్తినా, ఇంటికొచ్చాక తలుపు తియ్యడానికి ఎడమ చెయ్యే ముందు పోతుంది. దానికేదీ మార్కు?

మధ్యలో వచ్చినవాణ్ణి:
చెయ్యి ఎంత కదిలిందో లెక్కేసే సెన్సర్ వాచీ కడితే సరిపోదా?

విశాఖ ఫిజియో:
నడుస్తుంటే ఊగే చెయ్యినీ వాచీ లెక్కేస్తుందండీ. మాస్టారూ, మీ ప్రశ్న న్యాయమైనదే. ఇంట్లో ఆ చెయ్యి ఎంత వాడుతున్నారు, ఎంత బాగా వాడుతున్నారు అని అడిగే మోటార్ యాక్టివిటీ లాగ్ ఉంది. దిమ్మెలు ఎత్తించి, గ్లాసులోంచి గ్లాసులోకి నీళ్లు పోయించే ఆరాట్ అనే ఇంకో పరీక్ష ఉంది, దానికి 57 మార్కులు. ఏడేళ్ల తర్వాత మీరు వంగితే నేను అడ్డుచెప్పను. కానీ ఐదో నెలలోనే నడుముకు పని అప్పగిస్తే మోచెయ్యి చాపడం ఎప్పుడు నేర్చుకుంటుంది? నా గొడవంతా అదే. కృష్ణాతీరం గారూ, నాన్నగారి వెన్ను కుర్చీకి ఆనించి, ముందుకు రాకుండా భుజం మీద మెల్లగా చెయ్యి వేసి గ్లాసు అందుకోమనండి.

రిటైర్డ్ మాస్టారు:
నేర్చుకునేలోపు ఆయన చేత నీళ్లు మాన్పించకండి.

కృష్ణాతీరం:
ఇప్పుడే చేసి చూశాను. గ్లాసుకు నాలుగు వేళ్ల దూరంలో చెయ్యి ఆగిపోయింది, మోచెయ్యి ముడుచుకునే ఉంది. ఫిజియో చెప్పింది నిజమే. ఇంకోసారి చూద్దామని భుజం పట్టుకునే ఉన్నాను. నాన్న "వదలమ్మా, దాహమేస్తోంది" అని వంగి గ్లాసు తీసుకున్నారు.