అప్‌డేట్: ఎడ్యుకేషన్ పీహెచ్‌డీ గడువు, ప్రసూతి సెలవు

అడిగిన ప్రశ్న ఇదీ: కోర్సువర్క్ (పరిశోధనకు ముందు చదవాల్సిన పేపర్లు) అయ్యాక ప్రసూతి సెలవు పెడితే ఆరేళ్ల గడువు దాటిపోతుందా? యూజీసీ 2022 నిబంధనలు తిరగేశాక తేలింది రాస్తున్నాను.

గడువు లెక్క అడ్మిషన్ తేదీ నుంచి మొదలవుతుంది, టాపిక్ ఆమోదం నుంచి కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. కోర్సువర్క్‌తో కలిపి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠం 6. రీ-రిజిస్ట్రేషన్‌తో మరో 2, మొత్తం 8 మించకూడదు. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి ఇంకో 2 ఏళ్ల సడలింపు ఇవ్వవచ్చు. అప్పుడు హద్దు 10. ప్రసూతి, శిశుసంరక్షణ సెలవు కోర్సు మొత్తంలో 240 రోజుల వరకు. ఆ రోజులను గడువులోంచి మినహాయిస్తారని మాత్రం నిబంధనలో లేదు. కాబట్టి సెలవు మంజూరు ఉత్తర్వులోనే ఆ మాట రాయించుకోవాలి. నోటిమాట రేపు చెల్లదు.

రీ-రిజిస్ట్రేషన్ దానంతటదే జరగదు, గడువు ముగియకముందే దరఖాస్తు పెట్టాలి.

అసలు చిక్కు ఆర్‌ఏసీ (పరిశోధన సలహా కమిటీ) దగ్గర. ప్రతి సెమిస్టర్ ప్రగతి చూపాలి. బాగోలేకపోతే కారణాలు రాసి దిద్దుబాట్లు సూచిస్తారు. అవీ చేయకపోతే రిజిస్ట్రేషన్ రద్దుకు సిఫారసు చేయవచ్చు. బడుల్లో డేటా సేకరించేవాళ్లకు వార్షిక పరీక్షలు, వేసవి సెలవులు కలిసి నెలలు పోతాయి. బడుల్లోకి వెళ్లేందుకు అనుమతి లేఖలు జూన్‌లోనే కదపండి. ఆలస్యమైతే ఆ లేఖల తేదీలనే కమిటీ ముందు పెట్టండి.

కోర్సువర్క్‌కు కనీసం 12 క్రెడిట్లు, 55 శాతం మార్కులు. పబ్లికేషన్ తప్పనిసరి అన్న షరతు 2022లో పోయింది, కానీ మీ యూనివర్సిటీ ఆర్డినెన్స్‌లో (సొంత నిబంధనల్లో) ఉందేమో చూసుకోండి.