డిఫరెన్షియల్ హౌసింగ్ మీద సన్న గీత: పగులా, పోత గుర్తా?

పాతజీపు:
పాత జీపు వెనక ఆక్సిల్ మొత్తం విప్పాను. మధ్యలో డిఫరెన్షియల్ గేర్లు కూర్చునే పోత ఇనుము డొల్ల (హౌసింగ్), రెండు పక్కలా గొట్టాలు దూర్చి వెల్డింగ్ చేసిన రకం. క్రౌన్ (పెద్ద గేరు), దాన్ని తిప్పే పినియన్ (చిన్న గేరు) అరిగి మోత వస్తుంటే కొత్త సెట్ వేద్దామని మొదలుపెట్టాను. జిడ్డూ పాత రంగూ పోవాలని హౌసింగ్‌కి షాట్ బ్లాస్టింగ్ (చిన్న గుండ్లతో కొట్టి శుభ్రం చేయడం) చేయించాను. ఇప్పుడు చూస్తే ఎడమ బేరింగ్ క్యాప్ (బేరింగ్‌ని పట్టి బిగించే మూత) కూర్చునే చోట, బోల్టు రంధ్రం అంచు నుంచి లోపలి గోడ మీదికి వెంట్రుకంత గీత ఉంది. సుమారు 15 మి.మీ. పొడవు. గోరుకి తగలడం లేదు. ఇది పగులా, పోత పోసినప్పటి గుర్తా? కొత్త గేర్లు బిగించే ముందే తేల్చుకోవాలి. రెండు రోజులుగా అదే టెన్షన్.

నూనెచేతులు:
కిరసనాయిలు, సుద్దపొడి. ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు తమ్ముడూ. ఆ చోట కిరసనాయిలు బాగా పట్టించి రాత్రంతా వదిలెయ్. పొద్దున పొడిగుడ్డతో తుడిచి సుద్దపొడి పూసి, పక్కన సుత్తితో మెల్లగా కొట్టు. పగులైతే లోపలి నూనె బయటికి ఊరి సుద్ద మీద చార పడుతుంది. రైల్వే వర్క్‌షాపుల్లో ఒకప్పుడు ఇరుసుల పగుళ్లు ఇలాగే పట్టేవాళ్లు.

కొలతబద్ద:
షాట్ బ్లాస్టింగ్ చేయించానన్నారు, చిక్కంతా అక్కడే వచ్చింది. గుండ్ల దెబ్బకి పైపొర ఇనుము సాగి పగులు నోరు మూసుకుపోతుంది. ఇక దాంట్లోకి కిరసనాయిలు ఎలా వెళ్తుంది? ముందు జిడ్డు కడిగి, డై పెనిట్రెంట్ పరీక్ష (డబ్బాలో వచ్చే ఎర్ర ద్రవం పగుల్లోకి దూర్చి చూడటం) చేసి, ఆ తర్వాత బ్లాస్టింగ్‌కి ఇవ్వాలి. ఈ వరస తప్పితే పరీక్షలో ఏమీ కనపడదు, మనం బాగుందనుకుంటాం.

నూనెచేతులు:
మీ డై మాత్రం మూసుకున్న నోట్లోంచి ఎలా వెళ్తుందండీ? అది కూడా ద్రవమేగా. నా సుద్దకీ మీ డబ్బాకీ తేడా ఏంటో చెప్పండి.

ఒకేలైను:
అయస్కాంతంతో చూడండి. నోరు మూసుకున్నా దొరుకుతుంది. గొట్టం మీద స్ప్రింగ్ సీటు వెల్డింగ్ అంచులూ చూడండి.

కొలతబద్ద:
తేడా చాలా ఉంది నూనెచేతులు గారూ. ఆ ఎర్ర ద్రవం కంటికి కనపడని సందుల్లోకి దూరేలా తయారుచేసింది. పూసి 10 నుంచి 30 నిమిషాలు ఉంచాలి. తర్వాత క్లీనర్ గుడ్డ మీద వేసుకుని తుడవాలి, నేరుగా ఇనుము మీద కొట్టకూడదు. కొడితే పగుల్లోని రంగు కూడా కడుక్కుపోతుంది. చాలామంది చేసే తప్పు ఇదే. తెల్ల డెవలపర్ (రంగుని బయటికి పీల్చే పొడి) పల్చగా కొట్టి మరో 10 నిమిషాలు ఆగితే ఎర్ర గీత తేలుతుంది. బ్లాస్టింగ్ చేసిన ముక్కకి ముందుగా యాసిడ్‌తో పైపొర తినిపించి నోరు తెరిపించాలి. లేకపోతే డై కూడా పనిచేయదు, ఒప్పుకుంటున్నాను. అందుకే వరస ముఖ్యం అంటున్నాను.

నూనెచేతులు:
అంటే డై కూడా పనిచేయదు. మొదటే ఒప్పుకుంటే పోయేది.

కొలతబద్ద:
బ్లాస్టింగ్ చేస్తే పనిచేయదన్నాను. చేయకపోతే మీ సుద్ద కన్నా ఎన్నో రెట్లు నయం.

నూనెచేతులు:
చేసేశాడు కదా! అయిపోయినదాని గురించి ఎన్నిసార్లు చెబుతారు? ఆ అబ్బాయి అడిగింది ఇప్పుడేం చెయ్యాలని.

కొత్తచేరిక:
నాది అల్యూమినియం హౌసింగ్. అయస్కాంతం పనికొస్తుందా?

ఒకేలైను:
రాదు. దానికి డై వాడండి.

పాతజీపు:
నూనెచేతులన్నా, సుద్దతో చూశాను. ఏమీ రాలేదు. సుత్తితో కొడితే గంటలా మోగుతోంది. అంటే బాగున్నట్టేనా?

నూనెచేతులు:
మోగితే బాగున్నట్టే. పోత గుర్తే అయ్యుంటుంది. బిగించెయ్.

కొలతబద్ద:
దయచేసి బిగించకండి! ఏ పక్కకీ అతకని చిన్న ముక్క అయితే మోత విని కొంత చెప్పొచ్చు. రెండు పక్కలా గొట్టాలున్న అంత పెద్ద హౌసింగ్‌లో బోల్టు రంధ్రం దగ్గరి 15 మి.మీ. పగులు మోతని మార్చదు. ఆ చోటు ఎలాంటిదో చూడండి. పినియన్ తిప్పినప్పుడల్లా క్రౌన్‌ని తన నుంచి దూరంగా నెడుతుంది. ఆ తోపుడంతా బేరింగ్‌ల ద్వారా క్యాప్‌ల మీదా, అవి కూర్చునే గోడల మీదా పడుతుంది. మీరు బల్ల మీద బ్యాక్‌లాష్ (గేరు పళ్ల మధ్య సందు) 0.15 మి.మీ. పెట్టి, పళ్ల మీద రంగు పూసి ముద్ర చక్కగా చూసుకుంటారు. గోడ పగిలి ఉంటే లోడు పడగానే అది విచ్చుకుంటుంది, ముద్ర పళ్ల అంచుకి జరిగిపోతుంది. కొత్త గేర్లు మళ్లీ మోత మొదలుపెడతాయి. మోతతో ఆగితే అదృష్టం.

నూనెచేతులు:
భయపెట్టడం బాగా వచ్చు మీకు. ఇలా భయపెట్టే నా చేత మా నాన్న బండి హౌసింగ్ పారేయించారు. ఎర్ర మచ్చలు చూపించి "మొత్తం పగుళ్లే, పనికిరాదు" అన్నారు. అప్పుడు నాకు తెలియదు, తలూపాను. తర్వాత తెలిసింది, పోత ఇనుములో సన్నటి గాలి రంధ్రాలుంటే వాటిలోంచి కూడా ఎరుపు చుక్కలు చుక్కలుగా ఊరుతుందని. నేను చూసినవి చుక్కలే, గీత కాదు. ఆ హౌసింగ్ మళ్లీ దొరకలేదు. బండి ఇప్పటికీ షెడ్డులో దిమ్మల మీదే ఉంది. మీ పరీక్షలన్నీ చివరికి "పారెయ్" అనడానికే.

కొలతబద్ద:
మీ హౌసింగ్ గురించి విని నిజంగా బాధగా ఉంది. నాదీ చెప్పాలి. మా అన్నయ్య బండికి ఇలాగే సుత్తితో కొట్టి "మోగుతోంది, బాగుంది" అని బిగించి ఇచ్చారు. ఘాట్ దిగుతుంటే ఒక పక్క క్యాప్ బోల్టు దగ్గర గోడ విరిగి, క్రౌన్ పక్కకి జరిగి పళ్లు ఇరుక్కుని వెనక చక్రాలు రెండూ బిగుసుకుపోయాయి. బండిలో ఆరుగురు ఉన్నారు. పక్కనున్న మట్టిగట్టు ఆపింది. విప్పి చూస్తే విరిగిన ముఖంలో సగం పాత నల్లటి మరక, సగం కొత్త మెరుపు. ఆ నల్లటి సగం ఎప్పటి నుంచో పగిలే ఉంది. మనం ఎవరి బండికో సలహా ఇస్తున్నాం. అందులో ఎవరు కూర్చుంటారో మనకి తెలియదు.

గేరునూనె:
ఇద్దరూ చెప్పేది ఒకటి కాదు. ఒకరిది పగులు తప్పించుకుంటుందనే భయం, ఇంకొకరిది మంచిదాన్ని పారేయిస్తారనే భయం. సుద్దా, డబ్బా కాదు ఇక్కడ తగాదా.

నూనెచేతులు:
నేను పగులుంటే కూడా వాడమన్నానా? గొట్టం వెల్డింగ్ దగ్గరో, కవర్ బోల్టు చెవి దగ్గరో పగిలితే బాగుచేసుకోవచ్చు. పోత ఇనుమైతే కొస దగ్గర రంధ్రం వేసి, పగులుని వి ఆకారంలో తవ్వి, ముక్కని వేడిచేసి, నికెల్ రాడ్‌తో కొంచెం కొంచెంగా వెల్డింగ్ చేసి, బూడిదలో మెల్లగా చల్లార్చితే నిలుస్తుంది. నేను చేసినవి తిరుగుతున్నాయి. బేరింగ్ కూర్చునే చోట మాత్రం నేనూ చెయ్యను. అంత వేడి చేస్తే బేరింగ్ కూర్చునే గుండ్రటి రంధ్రం (బోర్) వంకరపోతుంది. నేను అడిగేది ఒకటే. అది పగులేనని రుజువు చూపించి అప్పుడు పక్కన పెట్టమనండి.

కొలతబద్ద:
దానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు. రుజువుకి ఒకేలైను గారు చెప్పినదే దారి. నేను బ్లాస్టింగ్ దగ్గరే ఆగిపోయి అది పట్టించుకోలేదు. పాతజీపు గారూ, చేత్తో పట్టే అయస్కాంత యోక్ (రెండు కాళ్ల అయస్కాంతం) ఉన్నచోట మాగ్నెటిక్ పార్టికల్ పరీక్ష చేయించండి. పైపొర మూసుకున్నా కింద పగులు దగ్గర అయస్కాంత బలం బయటికి చిమ్ముతుంది, ఇనుప రజను అక్కడ గీతలా పేరుకుంటుంది. యోక్‌ని ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా పెట్టించండి. పగులుకి అడ్డంగా బలం వెళ్తేనే దొరుకుతుంది. పని అయ్యాక అయస్కాంతం తీసేయించండి, లేకపోతే అరుగుడు రజను బేరింగ్‌ల దగ్గర చేరుతుంది.

నూనెచేతులు:
గీత వస్తే అక్కడ అర మి.మీ. గ్రైండ్ చేసి మళ్లీ చూడమను. పైపైన పోత గుర్తయితే పోతుంది. పగులైతే పోదు.

పాతజీపు:
చేయించాను. యోక్ నిలువుగా పెడితే ఏమీ లేదు, అడ్డంగా పెట్టగానే రజను సూదిగీతలా నిలబడింది. అర మి.మీ. గ్రైండ్ చేసి మళ్లీ చూశాం. గీత అలాగే ఉంది, పొడవు ఇప్పుడు 22 మి.మీ. కనిపిస్తోంది. స్ప్రింగ్ సీటు వెల్డింగ్‌ల దగ్గర ఏమీ లేదు.

నూనెచేతులు:
బేరింగ్ బోర్ లోపలికి వెళ్లిందా?

పాతజీపు:
వెళ్లిందన్నా. 

నూనెచేతులు:
అయితే పక్కన పెట్టెయ్ తమ్ముడూ. బిగించెయ్యమని నేను తొందరపడ్డాను. ఆ క్యాప్‌లు బాగున్నాయి కదా అని ఇంకో హౌసింగ్‌కి వెయ్యకు. క్యాప్ బిగించాకే బోర్ కోస్తారు, ఏ హౌసింగ్ క్యాప్‌లు దానికే సరిపోతాయి.

కొలతబద్ద:
దొరికిన హౌసింగ్‌ని బ్లాస్టింగ్‌కి పంపే ముందు ఒకసారి ఇక్కడ ఫొటో పెట్టండి.

పాతజీపు:
సరేనండీ. ముందు కడిగి పెడతాను.