కోనసీమ తీరం వెంట కారులో: ఏ నెలలో వెళ్లాలి, ఏ రేవు దాటాలి?

స్టీరింగ్_సుబ్బు:
హైదరాబాద్ నుంచి రాస్తున్నాను. పోయిన ఏడాది ద్రాక్ష కోతల టైములో నాసిక్ వైపు వెళ్లాం. వైన్ సంగతి ఎలా ఉన్నా, పంట పండే చోటే కూర్చుని, దానితో చేసినదాన్ని తయారుచేసినవాళ్ల ముందే రుచి చూడడం బాగా నచ్చింది. వెనక్కి వస్తుంటే మా ఆవిడ "మన గోదావరి జిల్లాల్లో తాళ్లు లేవా, కల్లు లేదా, సముద్రం లేదా?" అంది. అప్పటినుంచి ఇదే ఆలోచన.
రూటు ఇలా అనుకున్నాను. రాజమండ్రి, కడియం నర్సరీలు, ద్రాక్షారామం, కాకినాడ, ఉప్పాడ, కోరంగి, యానాం, అమలాపురం, అప్పనపల్లి, దిండి, అంతర్వేది, నరసాపురం, పాలకొల్లు, భీమవరం. సోమవారం సెలవు కలిసొచ్చే ఏదో ఒక వీకెండ్. అమ్మ కూడా వస్తుంది, ఆవిడకు గుళ్లు చూడాలని ఉంది. అవుతుందంటారా? ఏ నెల మంచిది?

గౌతమి_గట్టు:
అవుతుందండి, కారు దిగకపోతే!
డెల్టాలో కిలోమీటర్లు చూసి ప్లాన్ వేస్తే దెబ్బతింటారు. చూడాల్సింది ఎన్ని పాయలు దాటుతున్నారు అన్నది. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వశిష్ఠ అని రెండుగా చీలుతుంది. వశిష్ఠలోంచి మళ్లీ వైనతేయ విడిపోతుంది. గౌతమికి, వశిష్ఠకు మధ్య ఉన్నదే కోనసీమ. మీ లిస్టులో సగం ఊళ్లు గౌతమికి అవతల, పావు వంతు వశిష్ఠకు అవతల ఉన్నాయి. వంతెన ఉన్నచోట దాటాలి, లేనిచోట పంటు (బళ్లను కూడా ఎక్కించుకుని నది దాటించే పడవ) కోసం ఆగాలి. రాజమండ్రి నుంచి అమలాపురం అరవై పైచిలుకు కిలోమీటర్లే. హైవే మీద జొన్నాడ వంతెన దాటి రావులపాలెం దాకా రయ్యిమని వస్తారు. అక్కడ ఎడమకు తిరిగాక కాలువ గట్టు, కొబ్బరి లారీ, గేదెలు, ఊరు, మళ్లీ కాలువ. గంటన్నర అనుకుంటే రెండు గంటలు పడుతుంది. అదేమీ చెడ్డ విషయం కాదు, మీరు వచ్చేది దానికోసమే కదా.
నన్నడిగితే ఆ రెండు పాయల మధ్యే ఉండండి. కాకినాడ, భీమవరం ఇంకోసారి చూసుకోవచ్చు. ఇంకొకటి, శనివారం పొద్దున రావులపాలెం నుంచి ఆత్రేయపురం వైపు పోకండి. వాడపల్లి వెంకన్న దగ్గరికి ఏడు శనివారాల మొక్కువాళ్లంతా అదే రోడ్డు ఎక్కుతారు. పూతరేకులు ఆదివారం కొనుక్కున్నా అవే పూతరేకులు.

కాకినాడ_కుర్రోడు:
పైన గట్టు గారు మా వైపును ఒక్క మాటతో తీసేశారు. సుబ్బు గారూ, మీరు సముద్రం పక్కన డ్రైవ్ అన్నారు. ఈ మొత్తం ప్రాంతంలో స్టీరింగ్ పట్టుకుని సముద్రాన్ని చూస్తూ వెళ్లే రోడ్డు కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్లేదే. 216 జాతీయ రహదారిని కోస్టల్ రోడ్డు అంటారు గానీ కోనసీమలో దాని మీద వెళ్తే సముద్రం కనబడదు. పది కిలోమీటర్లు అటో ఇటో లోపలే పోతుంది. కాకపోతే ఉప్పాడ దగ్గర కడలి ఏటేటా ఒడ్డును తినేస్తోంది. అలలు పెద్దవైన రోజుల్లో రోడ్డు మీద రాళ్లు పడతాయి, మూసేస్తారు. వాయుగుండం అని వార్త వస్తే అటు రావద్దు.
కోరంగిలో మడ అడవుల మధ్య చెక్క వంతెన మీద నడక అమ్మగారికి కూడా కష్టం కాదు. పోటు మీదున్నప్పుడు వెళ్లండి. పాటు వేళ అయితే నీళ్లు తీసి బురద, వేళ్లు కనిపిస్తాయి, కొందరికి అదే ఇష్టం. 1839 తుఫానుకు ముందు కోరంగి పెద్ద రేవు, ఓడలు కట్టిన ఊరు. ఇప్పుడు చూస్తే నమ్మలేరు.

స్టీరింగ్_సుబ్బు:
ఇద్దరికీ థాంక్స్. కల్లు గురించి ఎవరూ చెప్పలేదేంటి, మొహమాటమా?

ముంజకాయ:
మొహమాటం దేనికండి, మా తాత గీతగాడే, తాళ్లెక్కి కల్లు దింపేవాడు. మీరు ఏ నెలలో రావాలో ఆ చెట్టునే అడగాలి.
తాటికల్లు మాఘం చివర నుంచి మొదలై ఎండాకాలం అంతా ఉంటుంది. మార్చి, ఏప్రిల్ బాగుంటాయి. గీతకార్మికుడు మోకు వేసుకుని ఎక్కి, పూగెలను కట్టి, దాని కొసను రోజూ పల్చగా చెక్కుతాడు. కత్తి ఎంత పదునుగా ఉండాలంటే గెల నలగకూడదు, తెగాలి. నలిగితే ధార ఆగిపోతుంది. కారిన నీరు కుండలో పడుతుంది. కుండలో నిన్నటి మడ్డి ఉంటుంది కాబట్టి పడిన క్షణం నుంచే పులవడం మొదలు. అందుకే పొద్దున్నే దింపింది తియ్యగా, కాస్త నురగతో ఉంటుంది. మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది, సాయంత్రానికి పులుపు. ఒకే చెట్టుది ఒకే రోజు మూడు రుచులు. మీ నాసిక్‌లో దీనికి ఏళ్లు ఆగాలేమో!
అమ్మగారికి నీరా ఇవ్వండి. కుండ లోపల సున్నం పూస్తే పులవదు, తెల్లారక ముందే దింపాలి, మత్తు ఉండదు. ముందురోజు సాయంత్రమే గీతకార్మికుడికి చెప్పి పెట్టుకుంటే సున్నం కుండ కడతాడు. ఏడింటికి నిద్ర లేచి నీరా కావాలంటే దొరకదు.
ఇంకో సంగతి. మగ తాడు కల్లుకే. ఆడ తాడును గీస్తే దానికి ముంజలు రావు, వదిలేస్తే ముంజలు వస్తాయి. కాబట్టి రైతు దగ్గర ఆ గట్టు మీద ఏది ఉంటే అదే అడగండి.
సొసైటీ లైసెన్సు ఉన్న పాకలోగాని చెట్టు కింద కళ్లముందు దింపిందిగాని తాగండి. పట్నాల్లో ప్లాస్టిక్ సీసాల్లో అమ్మే తెల్లటి నీళ్ల జోలికి పోవద్దు. అందులో ఏం కలుపుతారో వాళ్లకే తెలియాలి.

లంకగాలి:
@ముంజకాయ అంత బాగా చెప్పి డ్రైవింగ్ మాట మర్చిపోయారు. తియ్యగా ఉందని లొట్టి లాగిస్తే బీరు తాగినట్టే. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే మొదటిసారే పది వేల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. పోలీసుల సంగతి అటుంచండి, మా కాలువ గట్లకు చాలాచోట్ల పిట్టగోడ లేదు. కారు కాలువలో పడిందన్న వార్త మాకు కొత్త కాదు. కల్లు ఉన్న పూట బండి కదలకూడదు. లేదా ఆ పూటకి లోకల్ ఆటో మాట్లాడుకోండి.

స్టీరింగ్_సుబ్బు:
నిజమే. మా ఆవిడ డ్రైవ్ చేస్తుంది, తను ముంజల పార్టీ. యానాంలో మందు చవక అంటున్నారు, దారిలో రెండు సీసాలు కొని తెచ్చుకోవచ్చా?

కాకినాడ_కుర్రోడు:
యానాంలో పెట్రోలు నింపుకోండి, ఆంధ్రా కన్నా తక్కువ. మందు మాత్రం అక్కడే ఆపేయాలి. అది పుదుచ్చేరి సరుకు, మన రాష్ట్రంలో పన్ను కట్టలేదు, వంతెన దాటితే కేసు. ఎదుర్లంక వైపు తనిఖీలు ఉంటాయి.
కానీ యానాంను సీసాల ఊరిగా చూడకండి. 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న ఊరు. ఇటు బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం వచ్చాక బాల్యవివాహాలు చేసుకునేవాళ్లు యానాం వెళ్లేవారు, కల్యాణపురం అనే పేరు అందుకే వచ్చింది. విదేశీ సరుకు కోసం మంగళవారం సంతకు జనం కట్టేవారట. ఇప్పుడు గౌతమి ఒడ్డున సాయంత్రం కూర్చోవడానికి ఇంతకన్నా శుభ్రమైన చోటు మా వైపు లేదు. దసరా నుంచి దీపావళి దాటేదాకా వస్తే చీరమేను దొరుకుతుంది. చీరలతో పట్టే సన్న చేపపిల్లలు, కొలతల లెక్కన అమ్ముతారు. ధర వింటే మాత్రం గుండె పట్టుకోవాలి.
యానాం దగ్గర గౌతమి మీద బాలయోగి వంతెన దాటితే మురమళ్ల. వీరేశ్వరుడికి రోజూ కల్యాణం. అమ్మగారి గుడి అదే అనుకోండి.

పులసరాజు:
అందరూ కల్లు కల్లు అంటున్నారు. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్నారు కదా! ఆగస్టులో రండి సార్. గోదావరికి వరద ఎర్రనీరు దిగ్గానే సముద్రం నుంచి ఎదురీది వస్తుంది. ఉప్పునీటిలో ఉంటే అదే చేప ఇలస, గోదావరి నీళ్లు తగిలాక పులస. మట్టి దాకలో, సన్నని సెగ మీద, రాత్రి వండి పొద్దున తినాలి.

లంకగాలి:
ఆగస్టులో రమ్మంటున్నారు, నది మధ్య దిబ్బల మీదున్న మా లంకల్లోకి ఎలా వస్తారు? ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు దాటితే వరదకు మొదటి హెచ్చరిక, 13.75 దాటితే రెండోది. ఆ నెలలో ఇవి మామూలే. పడవలు ఆపేస్తారు, కాజ్‌వేలు మునుగుతాయి, పంటు కట్టేస్తారు. మేం పశువులను గట్టుకు తోలుకుంటూ ఉంటే మీరు కారు ఎక్కడ తిప్పాలని హారన్ కొడుతుంటారు. పులస కావాలంటే యానాం మార్కెట్ దాకా వచ్చి, తిని, వెళ్లిపోండి. డెల్టా అంతా తిరగాలంటే అది నెల కాదు. పైగా పులస పేరుతో ఇతర రాష్ట్రాల ఇలస అమ్మేవాళ్లు బోలెడు.

పులసరాజు:
ఒప్పుకుంటున్నా. కానీ పులస ఎండాకాలం రాదు, నేనేం చెయ్యను!

పంటు_ప్రయాణికుడు:
సఖినేటిపల్లి, నరసాపురం మధ్య పంటు గురించి ఎవరూ రాయలేదు. వశిష్ఠ మీద అక్కడ వంతెన ఇంకా లేదు. కారు ఎక్కించేటప్పుడు డ్రైవరు తప్ప అందరూ దిగిపోవాలి. పలకల మీద మెల్లగా ఎక్కించి, హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరులో ఉంచి, అద్దాలు దించండి. పంటు నడిపే సరంగు ఎక్కడ పెట్టమంటే అక్కడే, మన లెక్కలు చెప్పకూడదు. పొద్దున, సాయంత్రం బైకులతో కిటకిట. కారుకి చోటు దొరకాలంటే మధ్యాహ్నం పూట నయం. బరువైన పెద్ద బండి అయితే ముందే అడగండి. పంటు వద్దనుకుంటే మలికిపురం మీదుగా దిండి వచ్చి చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా నరసాపురం చేరవచ్చు. చుట్టు ఎక్కువే, కానీ గాలివాన రోజు అదే దిక్కు.
నా మాట వింటే కారు సఖినేటిపల్లిలో వదిలి ఊరికే పంటు ఎక్కి అవతలికి వెళ్లి రండి. నది మధ్యలో ఆ పది నిమిషాల కోసమే అటు వెళ్లేవాళ్లు ఉన్నారు, నాతో సహా.

కొబ్బరాకు:
మలికిపురం దగ్గర మాకు తోట ఉంది. ఫొటోలు చూసి వచ్చేవాళ్లకు ఒక మాట ముందే చెప్పాలి. తీరానికి దగ్గరయ్యేకొద్దీ కొబ్బరి తగ్గిపోయి రొయ్యల చెరువులు, ఏరియేటర్ల చప్పుడు మొదలవుతాయి. శంకరగుప్తం డ్రెయిన్ వెంట అయితే పోటుకు ఉప్పునీళ్లు వెనక్కి తన్ని తోటల్లోకి వస్తున్నాయి. మొవ్వు పోయి మొండి మానులు వరసగా నిలబడి ఉంటాయి. 1996 నవంబరు తుఫానులో పడినవి ఒక్క రాత్రిలో పడ్డాయి. ఇవి ఏళ్ల తరబడి నిలబడే చస్తున్నాయి. దిండి హౌస్‌బోట్ మీంచి ఇది కనబడదు. అటు కారు తిప్పి చూడండి, అక్కడ రైతు ఎవరైనా ఉంటే మాట్లాడండి.
పచ్చటి కోనసీమ కావాలంటే లోపలికి రండి. అంబాజీపేట చుట్టుపక్కల తోటల్లో మిట్టమధ్యాహ్నం కూడా రోడ్డు మీద నీడే. అక్కడ పొద్దున టిఫిన్‌కి పొట్టిక్కలు అడగండి, పనసాకుల బుట్టలో ఉడికించిన ఇడ్లీ పిండి. కొబ్బరి పచ్చడి గురించి వేరే చెప్పక్కర్లేదు. పి.గన్నవరం దగ్గర అక్విడక్ట్ తప్పక ఆగాలి. కింద వైనతేయ, పైన కాలువ. కాటన్ కాలంనాటి పాతది పక్కనే ఉంటుంది, కొత్తదానికి అడిగినవాళ్లకల్లా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు.

గౌతమి_గట్టు:
అవును, అది నేను రాయాల్సింది. అంతర్వేదిలో గుడి అయ్యాక అన్నాచెల్లెళ్ల గట్టు దాకా వెళ్లండి, వశిష్ఠ కడలిలో కలిసే చోటు. నీళ్లలో దిగొద్దు. పైకి ప్రశాంతంగా ఉంటుంది, లోపల గుంజుతుంది. భీష్మ ఏకాదశి రథోత్సవం రోజుల్లో అయితే కారు ఊరికి చాలా దూరంలో ఆపేస్తారు. సంక్రాంతి సంగతి చెప్పనే అక్కర్లేదు, గదులు దొరకవు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడాలనుకుంటే అది ఒక్కటే పెట్టుకుని రావాలి, రోడ్డు మీద కారుకు చోటుండదు.

స్టీరింగ్_సుబ్బు:
లిస్టు కొట్టేశాను. ఏప్రిల్ మొదట్లో. కాకినాడలో దిగి కోరంగి, యానాం, సాయంత్రానికి అమలాపురం. మర్నాడు అంబాజీపేట, పి.గన్నవరం, అప్పనపల్లి, రాత్రి దిండి. తర్వాత అంతర్వేది, పంటు, ఇంటికి. భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం తీసేశాను, అమ్మ కొంచెం గొణిగింది. కల్లు అంబాజీపేట పొద్దున పెట్టుకున్నాను, ఆ పూట మా ఆవిడ చేతికి తాళాలు. ఇంకేమైనా?

లంకగాలి:
ఏప్రిల్ అంటే దాళ్వా (రెండో పంట వరి) కోతలు దగ్గరపడతాయి. కోత మెషిన్లు, ధాన్యం ట్రాక్టర్లు రోడ్డంతా ఆక్రమిస్తాయి, కొన్నిచోట్ల రోడ్డు మీదే వడ్లు ఆరబోస్తారు. రాత్రి ప్రయాణం పెట్టుకోకండి. ఎండ కన్నా ఉక్కపోత ఎక్కువ, అమ్మగారిని మధ్యాహ్నం రెండు గంటలు ఎక్కడైనా పడుకోబెట్టండి.

ముంజకాయ:
ముంజలు గెలతో బేరం ఆడండి, ఒక్కొక్కటి కొంటే మోసం. కొట్టే ముందు లేతవి కావాలని చెప్పండి, బొటనవేలు దిగేలా ఉండాలి. గీతకార్మికుడు చెట్టు దిగాక డబ్బులు ఇచ్చేసి వెళ్లిపోకండి, కాసేపు కూర్చుంటే ఏ చెట్టు ఎలా పారుతుందో ఆయనే చెప్తాడు. అమలాపురం చేరాక ఇక్కడ ఒక మెసేజ్ పెట్టండి, ఆ వారం అంబాజీపేట వైపు ఎవరు గీస్తున్నారో కనుక్కుని చెప్తాను.